తడవని మూట

పిల్లలూ! మీలో చాలామంది ఎండాకాలం సెలవుల్లో సముద్రం చూసే ఉంటారు. ఇసుకలో గుళ్ళు కట్టి, గవ్వలు ఏరి, అలలతో పరుగుపందెం వేసి ఉంటారు. కాని వానాకాలపు సముద్రాన్ని ఎందరు చూశారు? అప్పుడు నీరు నీలంగా ఉండదు. ఆకాశమూ సముద్రమూ ఒకే బూడిదరంగులో కలిసిపోయి, ఎక్కడ ఏది ముగిసిందో తెలియదు. గాలి చెవుల్లో హోరుమంటుంది. ఒడ్డున జనం ఉండరు. ఇసుక మీద మీ అడుగులు తప్ప మరొకరి అడుగులు కనిపించవు.

కిందటి దసరా సెలవుల్లో నేను నా మనుమరాలితోనూ, మనుమడితోనూ అటువంటి సముద్రం వెంట నడిచాను. మనుమరాలికి 13 ఏళ్ళు, మనుమడికి 10 ఏళ్ళు. మాది విజయనగరం. విశాఖపట్నం దగ్గర రుషికొండలో బస్సు దిగి, తీరం వెంబడి భీమునిపట్నం దాకా రెండు రోజుల్లో నడవాలని అనుకున్నాం. మొత్తం సుమారు 16 కిలోమీటర్లు. పెద్దవాళ్ళకు ఇదొక లెక్క కాదు. కాని వీపున సంచీ, పైన వాన, పక్కన సముద్రం ఉన్నప్పుడు 16 కిలోమీటర్లు చిన్న దూరమూ కాదు.

"వానలో ఎందుకు తాతయ్యా? సంక్రాంతికి వెళ్ళవచ్చుగదా?" అని మనుమరాలు అడిగింది. మంచి ప్రశ్నే. మన రాష్ట్రంలో అందరికీ వానలు ఒకేసారి రావు. నైరుతి రుతుపవనం జూన్‌లో వచ్చి సెప్టెంబరు దాకా కురుస్తుంది. అది వెనుదిరిగే అక్టోబరులో బంగాళాఖాతం మీద వాయుగుండాలు పుడతాయి. అందుకే విశాఖ తీరంలో అక్టోబరు బాగా వానలు పడే నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదకు వచ్చింది అక్టోబరులోనే. 2020 అక్టోబరులో ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడను గాలి తోసుకువచ్చి విశాఖలో తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీదికి ఎక్కించింది. మరి దసరా సెలవులు కూడా సాధారణంగా ఆ రోజుల్లోనే వస్తాయి. అంటే మన బడిపిల్లలు సెలవుల్లో తీరానికి వెళితే తడవక తప్పదు. తడవక తప్పనప్పుడు తెలివిగా తడవడం నేర్చుకోవాలి. నేను వాళ్ళకు ఈ జవాబే చెప్పాను.

కాని నా మనసులో మరొక కారణం కూడా ఉన్నది. అది తరువాత చెబుతాను.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఇద్దరినీ సంచులు సర్దుకోమన్నాను. ఒక గంట తరువాత చూస్తే, మనుమడి సంచి గుమ్మంలో కూర్చున్న ఏనుగుపిల్లలాగా ఉన్నది! అందులో రెండు జీన్సు పాంట్లు, నాలుగు చొక్కాలు, పెద్ద తువ్వాలు, దిండు, క్రికెట్ బంతి, మూడు కథల పుస్తకాలు, అమ్మమ్మ చేసిన అరిసెల డబ్బా, ఒక స్టీలు కారియరు ఉన్నాయి. కొక్కెం త్రాసుకు తగిలిస్తే 9 కిలోలు తూగింది. వాడి బరువు 30 కిలోలు.

"చూడు బాబూ! పిల్లలు తమ బరువులో పదోవంతుకు మించి మోయకుండా ఉంటే మంచిది. నీకు ఎంత వచ్చింది?" అన్నాను.

వాడు వేళ్ళు లెక్కపెట్టి, "3 కిలోలు," అన్నాడు దిగులుగా. అక్కగారి బరువు 40 కిలోలు. ఆమెకు 4 కిలోలు. అందులో తాగే నీళ్ళు కూడా కలిసి ఉండాలి. లీటరు నీరు ఒక కిలో గదా!

అప్పుడు చాప మీద అన్నీ పోసి మూడు కుప్పలు చేయమన్నాను. మొదటి కుప్పలో లేకపోతే ప్రమాదమయ్యేవి. రెండో కుప్పలో ఉంటే సుఖంగా ఉండేవి. మూడో కుప్పలో ఊరికే ముచ్చటకు పెట్టుకున్నవి. దిండు ఏ కుప్పలోకి వెళ్ళాలన్న దాని మీద పెద్ద వాదం జరిగింది. చివరకు బట్టల మూటే రాత్రికి దిండు అవుతుందని తేలింది. అరిసెల డబ్బా మొదటి కుప్పలోదేనని మనుమడు గట్టిగా పట్టుబట్టాడు. డబ్బా మానేసి నాలుగు అరిసెలు కాగితంలో చుట్టుకోవడానికి రాజీ కుదిరింది.

జీన్సు పాంట్లు మాత్రం వద్దన్నాను. "అవి గట్టివి తాతయ్యా!" అన్నాడు మనుమడు. నేను వాదించలేదు. ఒక నూలు తువ్వాలు తెప్పించి తూచాను. 250 గ్రాములు. దాన్ని బక్కెట్టులో ముంచి, పిండకుండా ఒక నిమిషం వేలాడదీసి మళ్ళీ తూచాము. 800 గ్రాములు! గట్టిగా పిండినా 500 గ్రాముల దగ్గర ఆగింది. దళసరి నూలు బట్ట నీటిని వదలదు. జీన్సు కూడా దళసరి నూలే. అటువంటి పాంటు వానలో తడిస్తే మీరు మోసేది పాంటును కాదు, ఒక చెంబెడు నీళ్ళను. పైగా అది రాత్రికి ఆరదు. పలుచని నైలాను, పాలియస్టరు బట్టలు నీటిని అంతగా పీల్చవు, తొందరగా ఆరుతాయి. అందుకని నడిచేటప్పుడు వేసుకోవడానికి మోకాళ్ళ దాకా వచ్చే పలుచని లాగులు, చేతులున్న పలుచని చొక్కాలు తీసుకున్నాం.

తడిబట్ట బరువే కాదు, చలి కూడా తెస్తుంది. ఎందుకో తెలుసా? నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఒంటి మీది తడి ఆ వేడిని మీ ఒంట్లో నుంచే లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు అట్లా ఆవిరి కావడానికి సుమారు 580 కాలరీల వేడి పడుతుంది. ఆ వేడితో 8 గ్రాముల చల్లనీళ్ళను మరిగే దాకా కాచవచ్చు! గాలి వీచేకొద్దీ ఆవిరి వేగంగా లేస్తుంది, ఒళ్ళు వేగంగా చల్లబడుతుంది. కుండలో నీళ్ళు చల్లబడే కిటుకే వానలో తడిసిన పిల్లవాడి మీద కూడా పనిచేస్తుంది. మన ఒంటి వేడి సుమారు 37 డిగ్రీలు. అది 35 డిగ్రీలకు దిగితే ప్రమాదం. మంచు పడే దేశాల్లోనే ఇట్లా జరుగుతుందని అనుకోకండి. సముద్రపు గాలిలో, ఎడతెగని వానలో, తిండి లేకుండా నడిస్తే మన తీరంలో కూడా జరుగుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. ఇప్పుడు ఆ రెండో కారణం చెబుతాను.

1989లో నేను కొత్త ఉపాధ్యాయుణ్ణి. ఉత్సాహం చాలా ఎక్కువ, జాగ్రత్త చాలా తక్కువ. అక్టోబరులో ఒకరోజు 14 మంది పిల్లలను తీసుకొని, భీమిలికి ఉత్తరంగా తీరం వెంట నడక పెట్టుకున్నాను. ఉదయం ఆకాశం తేటగానే ఉన్నది. పిల్లలను గొడుగులు తెచ్చుకోమన్నాను, అంతే. మధ్యాహ్నం దాటగానే గాలివాన వచ్చింది. మొదటి అరగంటలోనే గొడుగులన్నీ తిరగబడి, ఊచలు విరిగాయి. సంచుల్లోని మారుబట్టలు ఒంటి మీది బట్టలకన్న ఎక్కువగా తడిసిపోయాయి. పిల్లలు నవ్వుతూ, పాడుతూ నడుస్తున్నారు. నేనూ నవ్వుతూనే ఉన్నాను.

ఆరో తరగతి పిల్లవాడొకడు, చాలా బక్కపలుచనివాడు, మొదట గడగడ వణికాడు. కొంతసేపటికి వాడి వణుకు ఆగిపోయింది. తగ్గిందనుకొని నేను సంతోషించాను. ఎంత అజ్ఞానం! వణకడం అంటే శరీరం వేడి పుట్టించుకోవడం. ఇంకా తడిగా, చల్లగా ఉండగానే వణుకు ఆగిందంటే, ఆ శక్తి కూడా అయిపోయిందన్నమాట. వాడిని పేరేమిటని అడిగితే తడబడ్డాడు. ఇసుకలో కూర్చుండిపోయి, "నిద్రొస్తోంది మేష్టారూ," అన్నాడు.

వాడిని వీపున వేసుకొని, కనిపించిన జాలరిపల్లెకు పరుగెత్తాను. ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి, మారుమాట లేకుండా వాడి తడిబట్టలు ఊడదీసింది. పొడిగుడ్డతో ఒళ్ళంతా మెల్లగా అద్ది, ముతక దుప్పటీ, రెండు పాతచీరలూ చుట్టి, తన ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది. వాడు మింగగలిగే దాకా ఆగి, అప్పుడు గోరువెచ్చని గంజిలో బెల్లం కలిపి కొంచెం కొంచెంగా పట్టింది. ఆ తరువాత నా వైపు చూసి, "పొడిగుడ్డ ఒక్కటీ నేకుండా పిల్లల్ని ఎలా తెచ్చినావు మేష్టరా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పిల్లవాడు గంటలో తేరుకున్నాడు. ఇప్పుడు వాడు ఇద్దరు బిడ్డల తండ్రి. కలిసినప్పుడల్లా ఆ గంజి రుచి సంగతే చెబుతాడు గాని, నా తప్పు సంగతి ఎత్తడు. కాని నేను మరచిపోలేదు. ఆనాటి నుంచి నేను సంచి సర్దితే మొదట సర్దేది తడవని మూట.

తడవని మూట ఎట్లా కట్టాలో చెబుతాను, జాగ్రత్తగా వినండి. వానకోటు తొడిగినంత మాత్రాన సంచి తడవకుండా ఉండదు. నీరు కుట్లలోంచి, జిప్పులోంచి, వీపు వైపు నుంచి లోపలికి వస్తుంది. అందుకని సంచికి లోపలి వైపే గోడ కట్టాలి. దళసరి పాలిథిన్ సంచి ఒకటి మీ సంచి లోపల పరచండి. అందులోనే సామాను సర్దండి. ఇక రాత్రికి కావలసిన ఒక జత బట్టలు, ఒక జత మేజోళ్ళు, ఒక పలుచని ఉన్ని స్వెటరు, ఒక దుప్పటి విడిగా మరొక కవరులో పెట్టి, గాలంతా నొక్కివేసి, మూతిని తాడులాగా మెలిపెట్టి, మెడ వంచి, రబ్బరు బ్యాండు గట్టిగా వేయండి. ఆ కవరును తలకిందులుగా మరొక కవరులో పెట్టి, దాన్నీ అట్లాగే కట్టండి. ఉన్ని ఎందుకంటే, అది తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకొని కూడా ఒంటికి చల్లగా తగలదు. మన గొర్రెలకాపరులు వానలో గొంగళి కప్పుకొని నిలబడేది అందుకే.

మూట కట్టిన తరువాత పరీక్ష పెట్టాలి. పరీక్ష లేని చదువు ఎట్లాగో, పరీక్ష లేని మూట అట్లాగే! బట్టల బదులు పాత వార్తాపత్రిక పెట్టి కట్టి, మూటను బక్కెట్టు నీళ్ళలో పది నిమిషాలు ముంచి ఉంచాము. మనుమరాలి మూటలో కాగితం పెళపెళలాడుతూ వచ్చింది. మనుమడి మూటలో కాగితం మూల తడిసింది. వెతికితే కవరుకు గుండుసూది బెజ్జమంత చిల్లు ఉన్నది. "ఇంట్లోనే తెలిసింది, నయమే," అన్నాడు వాడు పెద్దమనిషిలాగా.

ఈ మూటకు ఒక చట్టం కూడా పెట్టాను. తలమీద కప్పు దొరికి, నడక ఆగిన తరువాతే దీన్ని విప్పాలి. పగలు ఎంత తడిసినా, ఎంత బతిమాలినా విప్పకూడదు. తెల్లవారి మళ్ళీ తడిబట్టలే తొడుక్కొని, పొడిబట్టలు మూటలో పెట్టాలి. ఉదయాన చల్లని తడిచొక్కా తొడుక్కోవడం ఎంత కష్టమో చెప్పలేను! కాని పది నిమిషాలు నడిస్తే ఒళ్ళు వేడెక్కి, ఆ కష్టం పోతుంది. పొడిబట్ట తడిస్తే మాత్రం రాత్రంతా కష్టమే.

మిగిలిన సామాను తొందరగా చెబుతాను. తీరంలో గొడుగు పనికిరాదు, గాలి దాన్ని పువ్వులాగా విప్పేస్తుంది. తలగుడ్డ ఉన్న వానకోటు మంచిది. కాళ్ళకు వెనకపట్టీ ఉన్న చెప్పులు తొడుక్కున్నాం. బూట్లలో నీళ్ళు నిలిచి, చర్మం నాని, బొబ్బలు లేస్తాయి. బయలుదేరే ముందు పాదాలకు కొబ్బరినూనె రాసుకున్నాం. తినడానికి పొయ్యి అక్కరలేని అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగపప్పు బిగుతుమూత డబ్బాల్లో పోసుకున్నాం. అగ్గిపెట్టె, టార్చిలైటు, నా సెల్‌ఫోను ఒక్కొక్కటీ ఒక్కొక్క కవరులో పెట్టాము. కట్టుగుడ్డ, మందుపూత, ఉప్పూ చక్కెరా కలిపిన పొట్లాలు, ఒక ఈల కూడా పెట్టుకున్నాం. వానలో కేకలు వినిపించవు, ఈల వినిపిస్తుంది. చివరగా మనుమరాలి మూటలో ఒక చిన్న సంచి పెట్టాను. అందులో ముగ్గురికీ బస్సు డబ్బులు ఉన్నాయి. "నడిచి వెళ్ళేవాళ్ళకు బస్సు డబ్బులెందుకు?" అని మనుమడు నవ్వాడు. "ఉండనీయరా," అన్నాను.

విజయదశమి మరునాడు బయలుదేరాలనుకున్నాం. కాని విశాఖలోని తుపాను హెచ్చరిక కేంద్రం నుంచి భారీవానల సూచన వచ్చింది. అటువంటి సూచనలకు పసుపు, నారింజ, ఎరుపు అని రంగులుంటాయి. ఆనాడు నారింజ. పిల్లలు ముఖాలు ముడుచుకున్నారు. రెండు రోజులు ఆగాము. నారింజ పోయి, చిన్నపాటి జల్లులని చెప్పిన రోజున బయలుదేరాము.

కాని ఆగినందువల్ల మరొక లెక్క మారింది. సముద్రానికి పోటూ ఆటూ ఉన్నాయి గదా! సుమారు 12 గంటల 25 నిమిషాలకొకసారి పోటు వస్తుంది. పౌర్ణమికీ, అమావాస్యకూ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరుసలో నిలిచి లాగడం చేత పోటు పెద్దదవుతుంది. దశమి నుంచి పౌర్ణమి దగ్గర పడుతున్నకొద్దీ నీరు మరికాస్త పైకి ఎక్కుతుంది. నడవడానికి హాయిగా ఉండే గట్టి తడి ఇసుక నీరు వెనక్కు తీసినప్పుడే దొరుకుతుంది. పోటు సమయంలో మెత్తని ఇసుకలో కాలు కూరుకుపోతూ నడవాలి. అందుకని పోటు వేళలు ఒక కాగితం మీద రాసి, అది కూడా కవరులో పెట్టుకున్నాం.

రుషికొండలో దిగేసరికి సన్నని తుంపర పడుతున్నది. ఎడమపక్క కొండలు మబ్బులో తలలు దాచుకున్నాయి. కుడిపక్క అలలు ఒకదాని మీద ఒకటి విరిగిపడుతున్నాయి. నీళ్ళలోకి దిగకూడదని ముందే చెప్పాను. అక్కడి అలలు చూడడానికి ముద్దుగా ఉన్నా, వెనక్కు తీసే నీరు ఈతగాళ్ళను కూడా లోపలికి లాక్కుపోతుంది. చిన్నచిన్న పీతలు మా అడుగుల చప్పుడుకు బొరియల్లో దూరుతున్నాయి. మనుమడు వాటితో పందెం వేసి అన్నిసార్లూ ఓడిపోయాడు.

పదకొండు గంటలకు పెద్దవాన పట్టుకున్నది. అరగంటలో మనుమడు పెదవి వణికిస్తూ, "తాతయ్యా! ఒక్కసారి మూట విప్పుదామా?" అన్నాడు. నాకు ఆనాటి పిల్లవాడు గుర్తుకు వచ్చి గుండె ఝల్లుమన్నది. వాడి ముఖం జాగ్రత్తగా చూశాను. 17వ ఎక్కం చెప్పమన్నాను. గబగబా చెప్పాడు. బుర్ర చురుకుగానే ఉన్నది. ఇద్దరికీ బెల్లం, పప్పు పెట్టి, వానకోటు మెడ దగ్గర బిగించి, వేగంగా నడిపించాను. పావుగంటలో వాడే పాట ఎత్తుకున్నాడు. చట్టం నిలిచింది. కాని ఒక మాట. వాడు తడబడి ఉంటే నేను అక్కడే ఆగి, ఆ వానకోటే పందిరిగా పట్టి మూట విప్పేవాణ్ణి. చట్టం పిల్లవాడి కోసమే గాని, పిల్లవాడు చట్టం కోసం కాదు.

దారిలో తొట్లకొండ వస్తుంది. దాని మీద సుమారు రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధారామం ఉన్నది. 1976లో నౌకాదళం వారు ఆకాశం నుంచి సర్వే చేస్తుండగా అది బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వి స్తూపాలు, భిక్షువుల గదులు, పెద్ద భోజనశాల వెలికితీశారు. వాననీరు నిలవ చేసుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లను బట్టే దానికి ఆ పేరు వచ్చింది. ఒక విశేషం వినండి. బౌద్ధభిక్షువులు ఊరూరా తిరిగేవారే అయినా, వానాకాలం మాత్రం ప్రయాణం మాని ఒకేచోట ఉండేవారు. దాన్ని వర్షావాసం అంటారు. "అయితే వాళ్ళు మనకన్న తెలివిగలవాళ్ళు!" అన్నది మనుమరాలు, జడలోంచి నీళ్ళు పిండుకుంటూ.

ఆ సాయంత్రం మంగమారిపేటలో నా పూర్వవిద్యార్థి ఇంట్లో బస చేశాం. వాళ్ళు చేపలవేట చేసుకొనే వాళ్ళు. మూటలు విప్పి పొడిబట్టలు తొడుక్కున్నప్పుడు కలిగిన సుఖం పిల్లలు ఇప్పటికీ చెబుతారు. వేడి అన్నం, చారు తిని, పెంకుల మీద వాన చప్పుడు వింటూ పడుకున్నాం. నిద్రపోయే ముందు ఆ అబ్బాయి, "మేష్టారూ! రేపు గెడ్డ కాడ సూసుకోండి. కొండల్లో వాన కురిసినాది. రేతిరికి రేతిరే గెడ్డ దారి మార్చేస్తాది," అని హెచ్చరించాడు.

మరునాడు వాన తగ్గింది. నీరు వెనక్కు తీసింది. మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన తోరణం వంటి బండను దూరం నుంచి చూసి, ఉత్తరంగా నడిచాం. ఆ వైపునే ప్రసిద్ధమైన ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వేలాది ఏళ్ళుగా గాలీ, సముద్రమూ చేర్చిన ఇసుక అది. దాని రేణువులకు ఇనుపతుప్పు పూత పట్టడం చేత ఎర్రబడింది. వాననీరు ఆ దిబ్బలను కోసి లోతైన గండ్లు చేసింది. ఎండాకాలంలో వాటి మధ్య తిరగవచ్చు గాని, వానలో ఆ మట్టిగోడలు విరిగిపడతాయి. లోపలికి వెళ్ళకూడదు. ఆ ప్రాంతం నుంచి పెద్దగెడ్డ, చిట్టిగెడ్డ అనే వాగులు సముద్రంలోకి వస్తాయి.

మేము దాటవలసిన గెడ్డ దగ్గరకు వచ్చి ఆగిపోయాం. నీరు ఎర్రగా, పసుపూ సున్నమూ కలిపిన పారాణిలాగా పరుగెత్తుతున్నది. వెడల్పు ఇరవై అడుగులకు మించదు. "మోకాలి లోతేగదా తాతయ్యా!" అన్నాడు మనుమడు. అవతలి ఒడ్డున భీమిలి కొండ కనిపిస్తున్నది. నిజం చెప్పాలంటే నాకూ దాటాలనే ఉన్నది. ఆఖరు దాకా నడిచే వస్తామని అమ్మమ్మతో గొప్పలు చెప్పి వచ్చాను మరి!

అప్పుడు మనుమరాలు ఒక పుల్ల తెచ్చి నీళ్ళలో వేసి, ఒడ్డున లెక్కపెట్టింది. ఎనిమిది మీటర్ల దూరం నాలుగు సెకండ్లలో పోయింది. అంటే సెకండుకు 2 మీటర్లు. నేను ఇసుక మీద రాసి చూపించాను. నీటి వేగం రెండింతలయితే అది కాలిని తోసే బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలయితే తొమ్మిదింతలు. పైగా ఎర్రనీటిలో అడుగు కనిపించదు. కాలు జారితే ఆ నీరు తీసుకుపోయేది ఎదురుగా ఉన్న సముద్రంలోకే. దూరంగా ఉరుము వినిపించింది. మెరుపుకూ ఉరుముకూ మధ్య పద్దెనిమిది అంకెలు లెక్కపెట్టాం. మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు. ఆరు కిలోమీటర్ల దూరంలో పిడుగుల మబ్బు ఉన్నది. చదునైన ఇసుక మీద అందరికన్న ఎత్తయినవాళ్ళం మేమే.

నేను ఇంకా తటపటాయిస్తూనే ఉన్నాను. "తాతయ్యా! బస్సు డబ్బులు నా మూటలో ఉన్నాయి," అన్నది మనుమరాలు మెల్లగా.

అంతే. ముగ్గురం వెనక్కు తిరిగి, గట్టెక్కి రోడ్డు చేరాం. కప్పున్న బస్టాపులో నిలబడేసరికి వాన కుంభవృష్టిగా దిగింది. బస్సులో కిటికీ పక్కన కూర్చొని, వంతెన మీంచి ఆ గెడ్డనే చూశాం. మేము దాటాలనుకొన్న చోట ఒడ్డు కోసుకుపోతున్నది. మనుమడు ఏమీ మాట్లాడలేదు. అక్క చెయ్యి పట్టుకొని కూర్చున్నాడు.

భీమిలి చేరేసరికి వాన తెరిపి ఇచ్చింది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రాగుహల మీదుగా వచ్చే గోస్తనీనది సముద్రంలో కలిసే చోటు చూశాం. 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చిన డచ్చివారి పాత సమాధులు చూశాం. సముద్రం దాటి వచ్చి, మళ్ళీ ఇంటికి చేరనివారు గదా వాళ్ళు! వేడివేడి పెసరట్లు తిని, విజయనగరం బస్సు ఎక్కాం. "నడిచే వచ్చారా?" అని అమ్మమ్మ అడిగింది. "నాలుగు కిలోమీటర్లు బస్సులో వచ్చాం," అని మనుమడు తలెత్తే చెప్పాడు.

ఇంటికి రాగానే సంచులు విప్పి, అన్నీ ఆరవేసి, మళ్ళీ చాప మీద కుప్పలు పోశాం. వాడినవి ఒక పక్క, వాడనివి ఒక పక్క. వాడని కుప్పలో బంతి ఉన్నది! ఎప్పుడు దూర్చాడో! కట్టుగుడ్డ, మందుపూత, ఈల కూడా ఆ కుప్పలోనే ఉన్నాయి. "ఇవీ అనవసరమేగా తాతయ్యా?" అని మనుమడు అడిగాడు. కాదన్నాను. బంతి వచ్చేసారి రాకూడదు. ఈల వచ్చేసారీ రావాలి, వచ్చేసారీ వాడకుండానే తిరిగి రావాలి.

పిల్లలూ! మీరు ఇప్పుడే ఏ సముద్రానికీ వెళ్ళనక్కరలేదు. ఒక కవరు, రెండు రబ్బరు బ్యాండ్లు, ఒక పాత వార్తాపత్రిక తీసుకొని, అమ్మను అడిగి ఒక బక్కెట్టు నీళ్ళు పెట్టుకోండి. మీ మూట పది నిమిషాలు ఆగుతుందేమో చూడండి. ఆగకపోతే చిల్లు ఎక్కడున్నదో వెతకండి. దాన్ని వెతకవలసింది ఇంట్లోనే, వానలో కాదు.